చండశాసనుడి తరగతి

మెన్లో పార్క్‌లో కాల్‌ట్రెయిన్ ఎక్కి శాన్ హోసే వైపు వెళ్తే దారిలో సన్నీవేల్ వస్తుంది. అమెరికా కళాశాలల్లో ఎవరి దగ్గర చదవాలి, ఎవరి తరగతి తప్పించుకోవాలి అనే పాత ప్రశ్నకు ఇప్పుడున్న రూపం ఈ రైలుదారి మీదే ఏర్పడింది. మెన్లో పార్క్‌లో ఉండే జాన్ స్వాప్‌సెన్‌స్కీ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, శాన్ హోసే స్టేట్ విశ్వవిద్యాలయంలో తాను చూసిన ఒక ప్రొఫెసరు కటువైన స్వభావాన్ని మనసులో పెట్టుకొని, 1999 మే నెలలో ఒక వెబ్‌సైటు మొదలుపెట్టాడు. విద్యార్థులే అధ్యాపకులకు మార్కులు వేయాలన్నది దాని ఉద్దేశం. రెండేళ్ల తరువాత దానికి ‘రేట్ మై ప్రొఫెసర్స్’ అన్న పేరు వచ్చింది. బోధన నాణ్యతకు ఒకటి నుంచి అయిదు దాకా ఒక అంకె, కష్టానికి ఒకటి నుంచి అయిదు దాకా మరో అంకె, మళ్ళీ ఈ మనిషి దగ్గర చదువుతారా అని అడిగితే అవునన్నవారి శాతం ఇంకో అంకె. చాలా ఏళ్లు అక్కడ ప్రొఫెసరు అందచందాలకు గుర్తుగా ఒక ఎర్ర మిరపకాయ కూడా ఉండేది. అధ్యాపకురాళ్ల నుంచి అభ్యంతరాలు వచ్చాక 2018లో దాన్ని తీసేశారు. పాండిత్యాన్ని తూచే త్రాసులో మిరపకాయకూ చోటు దొరికిందంటే ఆ త్రాసు ఏపాటిదో తెలుస్తూనే ఉంది. అయినా దాన్ని ఒకసారైనా చూడకుండా తరగతి ఎంచుకునే విద్యార్థి ఇవాళ అరుదు.

సన్నీవేల్ తెలుగు ఇళ్లలో ఈ ప్రశ్న ఏటా మూడు నాలుగు సార్లు లేస్తుంది. పక్కనే కూపర్టినోలో 1967లో తెరిచిన డి ఆంజా కళాశాల ఉంది. సన్నీవేల్‌లోనే ఫుట్‌హిల్ కళాశాల వారి కేంద్రం ఉంది. రెండూ క్వార్టర్ల పద్ధతిలో నడుస్తాయి. పన్నెండు వారాలు తిరిగేసరికి పాఠమూ పరీక్షా గ్రేడూ అన్నీ అయిపోతాయి. ఇక్కడ రెండేళ్లు చదివి, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ప్రాంగణాల్లో ఏదో ఒకదానికి మారాలన్నది ఎక్కువమంది ఆలోచన. డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, సాంటా బార్బరా, సాంటా క్రూజ్ – ఈ ఆరు ప్రాంగణాలు తమ షరతులను ముందుగానే ప్రకటించి, వాటిని నెరవేర్చినవారికి సీటు ఖాయమని మాట ఇస్తాయి. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్ ఆ మాట ఇవ్వవు. ఎక్కడికి వెళ్లాలన్నా జీపీఏ కావాలి. లెక్కల్లో వచ్చిన ఒక్క ‘సి’ గ్రేడు ఈ పథకాన్ని తలకిందులు చేయగలదు. అందుకే తరగతులు నమోదు చేసుకునే వారం దగ్గరపడగానే వాట్సాప్‌లో సంప్రదింపులు మొదలవుతాయి.

“ఆయన దగ్గర కాల్క్యులస్ తీసుకోవచ్చా అక్కా?”

“అస్సలు వద్దురా. చండశాసనుడు. ఆయన దగ్గర చేరితే జీపీఏ మీద ఆశ వదులుకోవడమే.”

అమ్మది కూడా ఆ అక్క మాటే. తలనొప్పి ఎందుకు నాన్నా, ఇంకో సెక్షన్ చూసుకో అంటుంది. నాన్న మాత్రం ఒప్పుకోడు. కఠినమైన మాస్టారి దగ్గర చదివితేనే చదువు ఒంటబడుతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి ఒక ఊరు, ఒక పేట ఉన్నాయి.

హైదరాబాదు నల్లకుంటలో చుక్కా రామయ్య గారు లెక్కలు చెప్పే రోజుల్లో ఆయన దగ్గర చేరడానికే ఒక ప్రవేశపరీక్ష ఉండేది. ఆ పరీక్షకు తయారుచేసే శిక్షణ మరొకచోట దొరికేది. ఐఐటీకి పంపే గురువు దగ్గరికి పంపడానికి ఇంకో గురువు! తెల్లవారకముందే లేచి, చలిలో సైకిలు తొక్కుకుంటూ ఆ తరగతికి వెళ్లినవారు ఇప్పుడు సిలికాన్ వ్యాలీలో చాలామందే ఉన్నారు. కఠినత్వం వాళ్లకు ఒక అర్హతాపత్రం. ఇంకా వెనక్కి వెళ్తే వీధిబడిలో కోదండం, తొడపాశం, గోడకుర్చీ. దెబ్బ కొట్టని పంతులుకు చదువు చెప్పడం రాదనుకున్న కాలం అది. ఆ అనుకోవడంలో ఉన్న క్రూరత్వాన్ని గురుభక్తి అన్న మాట చాలాకాలం కప్పిపుచ్చింది.

కాబట్టి తండ్రి కఠినమైన గురువును వెతుక్కుంటూ వెళ్లాడనీ, కొడుకు తప్పించుకుని తిరుగుతున్నాడనీ, తరం చెడిపోయిందనీ తీర్పు చెప్పడం సులువు. ఆ తీర్పు నిలవదు. ఇద్దరూ వెతికింది ర్యాంకునే. నల్లకుంటలో పాఠం చెప్పినవారు ప్రశ్నపత్రం తయారుచేయలేదు, జవాబుపత్రం దిద్దలేదు. ఆ రెండు పనులూ ఐఐటీలవి. గురువు ఎంత కఠినుడైతే ఎదుట ఉన్న శత్రువు, అంటే ప్రవేశపరీక్ష, అంత లొంగుతుంది. గురుశిష్యులది ఒకే పక్షం. అమెరికా కళాశాలలో ఆ అమరిక లేదు. పాఠం చెప్పేవారే ప్రశ్నపత్రం రాస్తారు, వారే దిద్దుతారు, గ్రేడు వారి చేతిలోనే ఉంటుంది. గురువూ తీర్పరీ ఒకే కుర్చీలో కూర్చున్నప్పుడు ఆ కుర్చీని చూసి వెనకడుగు వేసేవాణ్ణి పిరికివాడనడం న్యాయం కాదు. తన రోజుల్లో ఆ కుర్చీలు రెండు అన్న సంగతి తండ్రికి తట్టదు. తట్టకపోవడం సహజమే; చేపకు నీరు కనిపించనట్టు, చదువుకున్న పద్ధతి చదువుకున్నవాడికి కనిపించదు.

గురువే తీర్పరి అయితే ఏమవుతుందో తెలుసుకోవడానికి తెలుగువాళ్లు దూరం వెళ్లనక్కర్లేదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ, గాంధీజీ పిలుపు విని శస్త్రచికిత్స గదికి ఖద్దరు దుస్తుల్లో వెళ్లాడు. శస్త్రచికిత్స ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్‌కు ఆ ఖద్దరు కంటగింపయింది. రాతపరీక్షల్లో సుబ్బారావు బాగానే రాశాడు. చివరికి చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, దానికంటే ఒక మెట్టు కింద ఉన్న ఎల్.ఎం.ఎస్. ఆ తక్కువ పట్టాతో మద్రాసు వైద్య సర్వీసులో చోటు దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం చెప్పుకుంటూ కొంతకాలం గడిపి, తరువాత అమెరికా వెళ్లాడు. బ్రాడ్‌ఫీల్డ్‌ను తప్పించుకునే వీలు ఆ విద్యార్థికి లేదు. ఉండి ఉంటే తప్పించుకోవడమే ఉచితమని ఎవరైనా అంటారు. ఆ కాఠిన్యం శస్త్రచికిత్సకు సంబంధించినది కాదు; బట్టకు సంబంధించినది.

ఎస్.పి.కె. గుప్తా రాసిన సుబ్బారావు జీవితచరిత్రను చేతిలోకి తీసుకున్న పాఠకులను ఎక్కువగా కలవరపెట్టేది బ్రాడ్‌ఫీల్డ్ కాదు, ఆ తరువాత వచ్చినవాడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే. బోస్టనులో రాత్రిపూట ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేస్తూ పొట్టపోసుకున్న సుబ్బారావు ఫిస్కే ప్రయోగశాలలో చేరాడు. రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్‌ను రంగు గాఢతను బట్టి కొలిచే ‘ఫిస్కే–సుబ్బారావు పద్ధతి’ 1925లో అచ్చయింది. జీవరసాయన శాస్త్రం చదివిన ప్రతి వైద్య విద్యార్థీ ఆ జంటపేరు విన్నవాడే. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. కండరం పనిచేయడానికి శక్తి ఎక్కడిది అన్న విషయంలో అప్పటిదాకా ఉన్న వివరణను అది కదిలించింది. 1930లో సుబ్బారావుకు డాక్టరేట్ వచ్చింది.

ఇదే ఫిస్కే గురించి జార్జ్ హిచింగ్స్ చెప్పిన మాట ఒకటుంది. 1988లో వైద్యంలో నోబెల్ బహుమతి పంచుకున్న హిచింగ్స్ ఆ రోజుల్లో హార్వర్డ్‌లోనే పరిశోధన విద్యార్థి. సుబ్బారావు వేరుచేసిన న్యూక్లియోటైడ్లలో కొన్నిటిని ఫిస్కే, బహుశా అసూయతో, వెలుగు చూడనివ్వలేదనీ, చాలా ఏళ్ల తరువాత ఇతరులు వాటిని మళ్ళీ కనిపెట్టాల్సి వచ్చిందనీ ఆయన సాక్ష్యం. సుబ్బారావుకు హార్వర్డ్‌లో శాశ్వత పదవి రాలేదు. 1940లో లెడర్లే సంస్థకు వెళ్లిపోయాడు. ఫోలిక్ ఆమ్లం, బోదకాలు మందు హెట్రజాన్, కాన్సర్‌పై వాడిన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అన్నీ ఆ తరువాతి కథే. 1948లో మరణించాడు.

మరి ఫిస్కేను తప్పించుకుని ఉండవలసిందా? బ్రాడ్‌ఫీల్డ్ విషయంలో చెప్పినంత తేలికగా ఇక్కడ చెప్పలేం. కొలతలో రవ్వంత తేడాను సహించని ఆ ప్రయోగశాలలోనే కదా ఆ పద్ధతి పుట్టింది! అదే ప్రయోగశాలలో పేరూ పోయింది. చేతికి పనితనం ఇచ్చిన మనిషే ఆ పనికి దక్కవలసిన గుర్తింపును ఆపగలడు. రేటింగు పట్టికలో ఈ ఇద్దరు ప్రొఫెసర్లకూ ‘కష్టం’ గడిలో ఒకే అంకె పడుతుంది. ఆ గడిలో ఉన్న లోపమంతా ఇదే. ఖద్దరును చూసి మండిపడినవాడికీ, బీకరులో ఒక చుక్క ఎక్కువైతే మండిపడినవాడికీ అది తేడా చూపించదు.

రెండో రకం కాఠిన్యం వల్ల లాభం ఉందా అన్నదాన్ని కొలిచి చూసినవారున్నారు. స్కాట్ కారెల్, జేమ్స్ వెస్ట్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు కొలరాడోలోని అమెరికా వైమానిక దళ అకాడమీని ఇందుకు ఎంచుకున్నారు. అక్కడ విద్యార్థి ప్రొఫెసరును ఎంచుకోలేడు. లాటరీలో పడినట్టు ఎవరో ఒకరు వస్తారు. అన్ని సెక్షన్లకూ సిలబస్ ఒకటే, పరీక్ష ఒకటే. అంటే నల్లకుంటలోలాగా గురువునూ తీర్పరినీ చాలామటుకు విడదీసిన చోటన్నమాట. పది వేలకు పైగా విద్యార్థుల గ్రేడులను పరిశీలించి 2010లో వారు ప్రకటించిన ఫలితం విచిత్రంగా ఉంది. అనుభవం తక్కువగా ఉన్న అధ్యాపకుల దగ్గర మొదటి కాల్క్యులస్ చదివినవారికి ఆ పాఠ్యాంశంలో మార్కులు ఎక్కువ వచ్చాయి. ఆ అధ్యాపకులకు విద్యార్థుల మెప్పూ ఎక్కువే. తరువాతి పాఠ్యాంశాలకు వెళ్లేసరికి లెక్క తారుమారయింది. అనుభవజ్ఞుల దగ్గర మొదట తక్కువ మార్కులతో బయటపడ్డవారు అక్కడ ముందుకు వచ్చారు. విద్యార్థులు ఎక్కువగా మెచ్చుకున్న గురువుల శిష్యులు వెనకబడ్డారు.

డి ఆంజాలో కాల్క్యులస్ నాలుగు క్వార్టర్ల వరుస: 1ఎ, 1బి, 1సి, 1డి. 1ఎలో సులువైన దారి వెతుక్కున్న పిల్లవాడికి బాకీ 1సిలో ఎదురవుతుంది. అయితే 1ఎలో వచ్చిన ‘ఎ’ గ్రేడు అప్పటికే ట్రాన్‌స్క్రిప్టు మీద భద్రంగా ఉంటుంది. విశ్వవిద్యాలయం చూసేది దాన్నే. నేర్చుకున్నదానికీ నమోదైనదానికీ ఇలా పొత్తు కుదరనప్పుడు, నమోదైనదాన్ని పట్టుకునే పద్దెనిమిదేళ్లవాడిని తప్పుపట్టడం పెద్దలకు తగదు. ఆ లెక్క నేర్పింది వారే.

వైద్యవిద్య వైపు నడిచే పిల్లలకు ఈ గండం పేరు ఆర్గానిక్ కెమిస్ట్రీ. ప్రిన్స్‌టన్‌లో చాలాకాలం పనిచేసి, ఆ విషయం మీద ప్రసిద్ధ పాఠ్యపుస్తకం రాసిన మెయిట్లాండ్ జోన్స్, పదవీ విరమణ తరువాత న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఏటేటా కాంట్రాక్టు మీద పాఠం చెప్పేవాడు. 2022 వసంతంలో ఆయన తరగతిలో ఉన్న 350 మందిలో 82 మంది ఒక వినతిపత్రం మీద సంతకాలు చేశారు. తాము పెట్టిన శ్రమ మార్కుల్లో కనబడడం లేదన్నది వారి ఫిర్యాదు. ఆయనను తొలగించమని మాత్రం వారు అడగలేదు. సెమిస్టరు మొదలయ్యే ముందు, ఆగస్టులో విశ్వవిద్యాలయం ఆయన కాంట్రాక్టు రద్దు చేసింది. అప్పటికి ఆయన వయసు 84. అమెరికా అంతా రెండుగా చీలి వాదించుకుంది. ఆర్గానిక్ కెమిస్ట్రీ రానివాడు తన గుండెకు ఆపరేషన్ చేస్తే ఎలా అని కొందరు. కార్బన్ బంధాలకూ రోగి చెయ్యి పట్టుకోవడానికీ ఏమిటి సంబంధమని మరికొందరు. రెండు వాదాలూ కొంచెం అతివే. ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం ఒకటుంది: కోవిడ్ కాలంలో రెండేళ్లు తెరల ముందు కూర్చుని వచ్చిన పిల్లలకు, ఆరు దశాబ్దాలుగా అదే పాఠం చెప్పిన ముసలాయనకు మధ్య ఇద్దరి మాటా విని సర్దిచెప్పే మనిషి లేకపోయాడు.

రేటింగుల మాట వచ్చింది కనుక సన్నీవేల్ తెలుగు పిల్లలు ప్రత్యేకంగా ఆలోచించవలసిన సంగతి ఇంకొకటి. ఆ పేజీల్లో తరచుగా కనిపించే ఫిర్యాదు, ప్రొఫెసరు యాస అర్థం కాదని. జార్జియా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ రూబిన్ 1992లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, అమెరికాలో పుట్టిపెరిగిన మహిళ గొంతుతో రికార్డు చేసిన పాఠాన్ని విద్యార్థులకు వినిపించారు. కొందరికి తెల్లజాతి మహిళ ఫొటో చూపించారు, కొందరికి ఆసియా మహిళ ఫొటో. గొంతు ఒక్కటే. ఆసియా ముఖం చూసినవారికి లేని యాస వినిపించింది. పాఠం కూడా తక్కువ గుర్తుంది. ఇంట్లో నాన్న ఫోన్‌లో మాట్లాడే ఇంగ్లీషును రోజూ వింటూ పెరిగిన పిల్లవాడు, అచ్చంగా అదే ఇంగ్లీషు మాట్లాడే ప్రొఫెసరును యాస పేరు చెప్పి తప్పించుకుంటే, ఆ నాన్న ఆఫీసు మీటింగుల్లో ఏం ఎదుర్కొంటున్నాడో ఆ పిల్లవాడికి ఎవరైనా చెప్పాలి.

సాహిత్యంలో చండశాసనుడికి మారుపేరు కింగ్స్‌ఫీల్డ్. జాన్ జే ఆస్బోర్న్ 1971లో రాసిన ‘ది పేపర్ చేజ్’ నవలలో హార్వర్డ్ లా కళాశాలలో కాంట్రాక్టులు బోధించే ఈ ప్రొఫెసరు, ప్రశ్నతోనే శిష్యుణ్ణి నిలబెట్టి వణికిస్తాడు. 1973లో సినిమా వచ్చింది. ఆ పాత్రకు జాన్ హౌస్‌మన్‌కు ఆస్కార్ వచ్చింది. సినిమా చివర హార్ట్ అనే విద్యార్థి, తన గ్రేడులున్న కవరును విప్పకుండానే కాగితపు విమానం చేసి సముద్రం మీదికి విసురుతాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. హార్ట్‌కు వీసా అక్కర్లేదన్న సంగతి మాత్రం చూసేవారికి గుర్తురాదు.

ఎఫ్-1 వీసా మీద హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వచ్చి కళాశాలలో డిగ్రీ చదివే విద్యార్థి టర్ముకు కనీసం 12 యూనిట్లు చదవాలి. తరగతి భరించలేక వదిలేస్తే స్థానిక విద్యార్థికి ట్రాన్‌స్క్రిప్టు మీద ‘డబ్ల్యూ’ అనే అక్షరం పడుతుంది, అంతే. ఇతనికి యూనిట్లు 12 కంటే తగ్గితే దేశంలో ఉండే హక్కుకే ముప్పు. ఊళ్లో పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టిన ఇల్లయితే ఇంకా చెప్పనక్కర్లేదు. ఒకే ప్రొఫెసరు తరగతి ఒకరికి సాహసం, ఇంకొకరికి జూదం. కఠినమైన గురువునే వెతుక్కో అన్న సలహా ఇచ్చే ముందు, ఓడిపోతే ఎదుటివాడు ఏం పోగొట్టుకుంటాడో అడిగి తెలుసుకోవడం కనీస మర్యాద.

అలా అని సలహాకు తావే లేదని కాదు. ఆ రేటింగుల పేజీలో అంకెలను వదిలేసి వాక్యాలను చదివితే కొంత తెలుస్తుంది. ‘పరీక్ష పుస్తకంలో లేని లెక్కలతో ఇచ్చాడు’ అన్నది ఒక రకం ఫిర్యాదు. ‘ప్రశ్న అడిగితే అందరి ముందూ నవ్వాడు’ అన్నది వేరే రకం. ‘వారానికి పదిహేను గంటలు చదవాల్సి వచ్చింది’ అన్నదాన్ని ఫిర్యాదుగా రాసినా అది సాక్ష్యమే. ‘ఎందుకు మార్కులు తగ్గాయో అడిగితే చెప్పలేదు’ అన్నది కనబడితే ఆ తరగతి పక్కన పెట్టడంలో తప్పు లేదు. ఇంకో ఉపాయం మరీ పాతది: మొదటి రోజుల్లో వెళ్లి కూర్చుని చూడటం. ‘డబ్ల్యూ’ పడకుండా మానుకోవడానికి క్వార్టరు మొదట్లో కొద్ది రోజుల గడువు ఉంటుంది. ప్రొఫెసరు గదిలో విద్యార్థుల కోసం కేటాయించిన గంటల్లో ఒకసారి తలుపు తట్టి, రాని లెక్క ఒకటి ముందు పెడితే చాలు. ఆ మనిషి లెక్కను చూస్తాడా, తట్టినవాడి ముఖాన్ని చూస్తాడా అన్నది పది నిమిషాల్లో బయటపడుతుంది. ఈ పని చేయడానికి తెలుగు పిల్లలు బాగా జంకుతారు. మాస్టారి గదికి పిలిస్తేనే వెళ్లాలి, పిలిచారంటే ఏదో తప్పు చేసినట్టే అన్న భయం తల్లిదండ్రుల బడుల నుంచి చెప్పకుండానే సంక్రమించింది.

ఇంత ఆలోచించీ చివరకు నిర్ణయం చాలాసార్లు విద్యార్థిది కాకుండానే పోతుంది. డి ఆంజాలో ఎక్కువ యూనిట్లు పూర్తిచేసినవారికి నమోదు తేదీ ముందు వస్తుంది. కొత్తగా చేరినవారి వంతు వచ్చేసరికి మెత్తని మాస్టార్ల సెక్షన్లు నిండిపోయి, వెయిటింగ్ లిస్టు కూడా బారెడు పెరిగి ఉంటుంది. మిగిలేది ఉదయం ఏడున్నర తరగతో, అందరూ వద్దన్న ఆ చండశాసనుడి తరగతో. అప్పుడు అక్కకు మళ్ళీ మెసేజ్ వెళ్తుంది, ఈసారి ఇంకో ప్రశ్నతో: ఆయన పాత ప్రశ్నపత్రాలు నీ దగ్గరేమైనా ఉన్నాయా? ఉంటాయి. వద్దురా అన్న అక్కే వాటిని వెతికి పంపుతుంది. శనివారం పొద్దున ఆలివ్ అవెన్యూలోని సన్నీవేల్ గ్రంథాలయంలో, అదే సెక్షన్‌లో ఇరుక్కున్న ఇంకో ఇద్దరితో కలిసి, ఆ పిల్లవాడు వాటిలో మొదటి లెక్క దగ్గర కూర్చుంటాడు.